బ్లూ చార్మ్ రెక్క చీలిపోతోంది: సాల్మన్, స్టీల్‌హెడ్ ఫ్లైలు ఏ వరసలో నేర్చుకోవాలి?

కొత్తగాలం_బోథెల్:

అందరికీ నమస్కారం. ట్రౌట్ ఫ్లైలు (గాలం మీద ఈకలు, దారాలు, వెంట్రుకలు చుట్టి చేసే ఎరలు) కట్టడం వచ్చు. వూలీ బగ్గర్, హేర్స్ ఇయర్ లాంటి ఫ్లైల వరకూ ఇబ్బంది లేదు. ఇప్పుడు పాత పద్ధతి సాల్మన్ ఫ్లైలు, వాటితోపాటు ఇక్కడి వాషింగ్టన్ నదుల్లో స్టీల్‌హెడ్‌కి (సముద్రానికి వెళ్ళి తిరిగొచ్చే ట్రౌట్) వేసేవి నేర్చుకుంటున్నాను. సులువైనదని చెబితే బ్లూ చార్మ్ అనే సాల్మన్ ఫ్లైతో మొదలుపెట్టాను. 6వ నంబరు లో-వాటర్ గాలం (తక్కువ నీళ్ళకి వాడే సన్న తీగ గాలం), నల్ల 6/0 దారం, రెక్కకి బ్రాంజ్ మల్లార్డ్ (గోధుమ రంగు బాతు ఈక).

రెక్కకి కోసిన ఈక పాయ చేతిలో ఉన్నంతసేపూ చక్కగా ఉంటుంది. దారం బిగించగానే పోచలు విడిపోయి చీపురులా అవుతోంది. బాడీకి చుట్టే ఫ్లాస్ (మెరిసే మెత్తటి పోగు) గతుకులు గతుకులుగా వస్తోంది, అక్కడక్కడ నూగు లేస్తోంది. తోకకి కట్టే గోల్డెన్ ఫెజెంట్ క్రెస్ట్ (ఆ పక్షి తల మీది పసుపు ఈక) నిటారుగా నిలబడదు, పక్కకి తిరిగిపోతుంది. తోకకి వెనక చుట్టే ట్యాగ్‌లో పసుపు ఫ్లాస్ తడిస్తే మురికి ఆకుపచ్చలా కనిపిస్తోంది.

ఇంకో రెండు సందేహాలు. ఈ ఫ్లైలకి వాడే జంగిల్ కాక్ మన అడవికోడేనట కదా, సెలవులకి ఇండియా వెళ్ళినప్పుడు ఈకలు తెచ్చుకోవచ్చా? ఇంట్లో పాత పట్టుచీర జరీ ఉంది, టిన్సెల్ (ఫ్లై మీద చుట్టే మెరుపు తీగ) బదులు అది పనికొస్తుందా?

ఈనె_పోచ:

రెక్క చీలడానికి కారణం చాలామటుకు రెక్కలో ఉండదు, దాని కింద ఉంటుంది. కాబట్టి వెనక నుంచి ముందుకి వస్తాను.

ముందు గాలం కన్ను చూడండి. సాల్మన్ గాలానికి తీగ చివరని వెనక్కి మడిచి కాడ వెంట ఆనిస్తారు. ఆ మడత ఆగే చోట ఒక మెట్టు ఉంటుంది. రెండు తీగల మధ్య సన్నని గాడి కూడా ఉంటుంది. ట్రౌట్ గాలానికి ఈ రెండూ లేవు, అందుకే ట్రౌట్ కట్టేవాళ్ళకి ఇది తట్టదు. ఆ గాడిని దారంతో నింపి, మెట్టుకి వెనకవైపు వాలుగా పూడ్చాలి. లేకపోతే బాడీ అక్కడ దిగబడుతుంది, మీద పెట్టిన రెక్క ఆ పల్లంలోకి ఒరిగి పోచలు ఒక్కొక్కటిగా జారతాయి.

దారం మార్చండి. బాడీ మొత్తానికి తెల్ల 8/0, తల దగ్గర మాత్రం నల్లది. పసుపు ఫ్లాస్ ఆకుపచ్చగా మారడానికి కింద ఉన్న నల్ల దారమే కారణం. పట్టు తడిస్తే కింద ఏముందో చూపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు బాగుందనుకుంటే లాభం లేదు, వేలితో నీళ్ళు అద్ది చూడండి.

దారం చదునుగా పడాలి. చుట్టేకొద్దీ దానికి పురి ఎక్కుతుంది, పురెక్కిన దారం గుండ్రంగా తాడులా పడి గట్లు కడుతుంది. కుడిచేత్తో చుట్టేవాళ్ళయితే ఏడెనిమిది చుట్లకోసారి బాబిన్ని (దారపు రీలు పట్టుకునే పరికరం) వేలాడదీసి, పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరిగేలా ఒక తిప్పు తిప్పండి. పురి విడి దారం పట్టీలా పరుచుకుంటుంది.

ట్యాగ్: సన్న ఓవల్ సిల్వర్ 4 చుట్లు. లో-వాటర్ గాలానికి గాలం మొన పైన మొదలవ్వాలి, ఇంకా వెనక్కి వంపులోకి పోకూడదు. ఓవల్ టిన్సెల్ లోపల నూలు, పైన లోహపు రేకు. కట్టే చివర 5 మి.మీ. మేర గోటితో రేకు ఊడదీసి, నూలు మాత్రమే దారం కింద పెట్టండి. అక్కడ బొడిపె రాదు. ఆ నూలు కొసని ట్యాగ్ దగ్గరే కత్తిరించకుండా కాడ కింది వైపు బాడీ చివరిదాకా పడుకోబెట్టాలి. బాడీ మీద ఎడంగా మెలికలా చుట్టే రిబ్ టిన్సెల్‌కీ ఇదే సూత్రం. ట్యాగ్ దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి, రిబ్ దగ్గర ఒకటి తెగ్గోస్తూ పోతే మూడు మెట్లవుతాయి. ఫ్లాస్ వాటిని దాచదు, ఎత్తి చూపిస్తుంది. మీ గతుకుల్లో సగం ఇవే.

ట్యాగ్ ముందు పసుపు ఫ్లాస్ నాలుగైదు చుట్లు, అంతే. తర్వాత తోక. క్రెస్ట్ ఈనె గుండ్రంగా ఉంటుంది, గుండ్రటి కాడ మీద గుండ్రటి ఈనె నిలవదు. కట్టేచోట అడుగు పోచలు పీకేసి, ఆ ఈనెను పళ్ళులేని పట్టకారుతో నొక్కి చదును చేయండి. నొక్కేటప్పుడు ఈక వంపు పట్టకారు దవడలకి లంబంగా ఉండాలి. వాలుగా నొక్కితే ఆ వాలులోనే తిరుగుతుంది. మొదటి రెండు చుట్లు వదులుగా, తోక తిన్నగా ఉందని పైనుంచి చూసుకున్నాకే మూడోది బిగువుగా. పొడవు గాలం నోటి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు చాలు.

ఫ్లాస్ బాడీ కోసం ఒక్క పోగు తీసుకోండి. రెండు మూడు పోగులు కలిసి ఉంటే విడదీయండి. ముందు వైపు, అంటే గొంతు చోట కట్టి, వెనక్కి తోక దాకా చుట్టి, మళ్ళీ ముందుకి రావాలి. రెండు పొరలవుతుంది, వెనక ముడి ఉండదు, వాలు నున్నగా వస్తుంది. ప్రతి రెండు మూడు చుట్లకీ పురి విప్పాలి. నూగు లేవడానికి కారణం వేళ్ళే. గోటి పక్క చర్మం గరుకుగా ఉంటే పట్టు పట్టేస్తుంది. ప్యూమిస్ రాయితో వేళ్ళు రుద్దుకుని, సబ్బుతో కడిగి, తడి పూర్తిగా ఆరాక ముట్టుకోండి. పలచటి కాటన్ గ్లవ్ వేసుకునేవాళ్ళూ ఉన్నారు. చుట్టడం అయ్యాక కత్తెర పిడి లాంటి నున్నటి ఉక్కుతో అటూ ఇటూ రుద్దితే పోగుల మధ్య గీతలు కలిసిపోతాయి.

రిబ్ 5 చుట్లు, ఇది పాత లెక్క. మొదటి చుట్టు కాడ కిందనుంచి బయటికి రావాలి, చివరిదీ కిందే కట్టేయాలి. పైన కడితే రెక్క కూర్చునే చోట గుట్ట.

గొంతుకి నీలం కోడిపెట్ట హ్యాకిల్ (మెడ ఈక) రెండు చుట్లు, మించొద్దు. పుంజు హ్యాకిల్ వాడకండి, గట్టిగా ఉండి రెక్కని పైకి తన్నుతుంది. చుట్టాక పై పోచలన్నీ కిందికి దువ్వి పట్టుకుని దారంతో ఆపండి. ఇప్పుడు ఆగి పక్కనుంచి చూడండి. బాడీ చివర నుంచి కన్ను వరకూ దారపు గద్దె చదునుగా, బాడీ మందానికి సమానంగా ఉందా? బాడీ ఎత్తుగా, గద్దె పల్లంగా ఉంటే రెక్క చీలుతుంది. అక్కడ దారంతో పూడ్చాకే మల్లార్డ్ ముట్టుకోండి. రెక్క కట్టడం గురించి విడిగా చెప్తాను. ముందు ఈ భాగం మాత్రమే మూడు నాలుగు గాలాల మీద చేయండి.

స్కైకోమిష్_ఒడ్డు:

పైన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, కానీ వరస విషయంలో నేను ఒప్పుకోను. సాల్మన్, స్టీల్‌హెడ్ రెండూ నేర్చుకోవాలనుకుంటే మొదట కట్టాల్సింది గ్రీన్ బట్ స్కంక్ అనే స్టీల్‌హెడ్ ఫ్లై. బ్లూ చార్మ్‌లో నేర్చుకోవాల్సిన గద్దె, కొలతలు, గొంతు హ్యాకిల్ అన్నీ ఇందులో ఉన్నాయి. రెక్క మాత్రం వెంట్రుకలది, తప్పు చేసినా క్షమిస్తుంది. పైగా రేపు నదిలో వేయొచ్చు.

4వ నంబరు గాలం. అలెక్ జాక్సన్ స్పే గాలం అందంగా ఉంటుంది గానీ నేర్చుకోవడానికి ఏ మామూలు పైకన్ను సాల్మన్ గాలమైనా చాలు. వైజ్‌లో (గాలాన్ని పట్టి ఉంచే బిగింపు) పెట్టగానే బార్బ్ (మొన దగ్గరి ఎదురుముల్లు) నొక్కేయండి. వాషింగ్టన్‌లో స్టీల్‌హెడ్ నదులు చాలావాటిలో బార్బ్ లేని గాలమే చట్టం. ముందే నొక్కితే విరిగినా పోయేది గాలం ఒక్కటే. కట్టాక నొక్కితే విరిగేది గంట పని.

తోకకి ఎర్ర హ్యాకిల్ పోచలు, 10 నుంచి 12. బట్‌కి (తోక ముందుండే చిన్న పట్టీ) మెరిసే ఆకుపచ్చ షెనీల్ (నూగుగల మెత్తటి దారం) రెండు చుట్లు. బాడీ నల్ల షెనీల్, రిబ్ సిల్వర్ టిన్సెల్, గొంతు నల్ల హ్యాకిల్, రెక్క తెల్ల వెంట్రుక. మొదట్లో ధ్రువపు ఎలుగు వెంట్రుక వాడేవారు. 1972 నాటి సముద్ర క్షీరదాల సంరక్షణ చట్టం తర్వాత అది మామూలుగా దొరికే సరుకు కాదు, ఇప్పుడు దూడ తోక లేదా తెల్ల బక్‌టెయిల్ (జింక తోక వెంట్రుక). షెనీల్ చివర 5 మి.మీ. నూగు గోటితో లాగేసి లోపలి దారం మాత్రమే కట్టండి. నూగుతో సహా కట్టేస్తే బట్ దగ్గరే బుడిపె. 4వ నంబరుకి మీడియం, 6, అంతకన్నా చిన్న గాలాలకి స్మాల్.

అందరూ చెడగొట్టేది రెక్క మందం దగ్గరే. వెంట్రుకల కట్టని వేళ్ళ మధ్య నలిపి నొక్కితే 2 మి.మీ. దాటకూడదు. చేతిలో పలచగా అనిపిస్తుంది, ఫర్వాలేదు. ఎక్కువైతే ప్రవాహంలో ఫ్లై పక్కకి పడుకుని ఈదుతుంది. గాలం కిందికి, రెక్క పైకి ఉండాల్సిన తూకం తప్పుతుంది. పైగా తల బఠాణీ గింజంత అవుతుంది. కట్ట తీశాక అడుగున ఉండే పొట్టి వెంట్రుకలూ నూగూ దువ్వెనతో పూర్తిగా తీసేయండి. రెక్క ఊడి చేతికి రావడానికి అదే ముఖ్య కారణం, ఎందుకంటే దారం ఆ నూగుని పట్టుకుంటుంది గానీ అసలు వెంట్రుకని పట్టుకోదు. మొదళ్ళని కట్టకముందే ఏటవాలుగా కత్తిరించి, అక్కడ చుక్క వార్నిష్ పెట్టి, తడి ఉండగానే కట్టండి. పొడవు తోక చివర దాటొద్దు.

ఇది చేతికొచ్చాక స్కైకోమిష్ సన్‌రైజ్ అనే ఫ్లై. అస్థిపంజరం అదే. తోకలో ఎరుపు పసుపు కలిపిన పోచలు, బాడీ ఎర్ర షెనీల్, సిల్వర్ రిబ్, గొంతుకి ఎరుపు, పసుపు హ్యాకిళ్ళు రెండూ కలిపి, తెల్ల రెక్క. కొత్తగా నేర్చుకునేది రెండు హ్యాకిళ్ళు ఒకచోట చుట్టడం. ఒకటి చుట్టి దాని మీద రెండోది అడ్డదిడ్డంగా వేస్తే మొదటిదాని పోచలు నలిగిపోతాయి. రెండోదాన్ని చుట్టేటప్పుడు అటూ ఇటూ కొంచెం ఊపుతూ, పోచల మధ్యలోంచి దించాలి.

సైజుల సంగతి (నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నది, 2/0 లాంటివి ఇంకా పెద్దవి): శీతాకాలపు నిండు నీళ్ళకి 2 నుంచి 2/0 దాకా, వేసవిలో నదిలోకి వచ్చే చేపలకి 4 నుంచి 8. వేసవికి కట్టేది ఎంత పలచగా ఉంటే అంత మంచిది.

పట్టుపోగు:

ఈకల ప్రశ్నకి సూటిగా చెప్తాను: తేవద్దు. జంగిల్ కాక్ అంటే మన దక్షిణాది అడవుల్లోని బూడిదరంగు అడవికోడే. మెడ ఈకల చివర గోరులా గట్టిగా మెరిసే పసుపు తెలుపు మచ్చ కోసం దాన్ని వాడతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ పక్షికి రక్షణ ఉంది. ఊళ్ళో ఎవరో ఇచ్చారనో, రాలిన ఈకలనో చెబితే విమానాశ్రయంలో చెల్లదు. అమెరికా వైపు కూడా వన్యప్రాణి భాగాలు ఏవైనా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీసుకి ప్రకటించాలి. నెమలి ఈకలకీ ఇదే మాట. ఫ్లైలకి వాడే నెమలి పోచలు హెర్ల్, స్వోర్డ్ ఇక్కడి షాపుల్లోనే చవగ్గా దొరుకుతాయి, పెట్టెలో వేసుకొచ్చే పని లేదు.

ఇక్కడ చట్టబద్ధంగా అమ్మే జంగిల్ కాక్ ఫారాల్లో పెంచిన పక్షులది. మెడ మొత్తం కొంటే ఖరీదు, కానీ చాలాకాలం వస్తుంది. నేర్చుకునేటప్పుడు విడి ఈకల ప్యాకెట్ చాలు. గోరు మచ్చ చీలి ఉన్న ఈకలు పారేయకండి. వెనకవైపు పలచటి వార్నిష్ రాసి, వేళ్ళ మధ్య ఈనె నుంచి కొసకి ఒక్కసారి దువ్వితే చీలిక మూసుకుంటుంది. ఆరాక కట్టుకోవచ్చు. వార్నిష్ ఎక్కువైతే పక్కనున్న బూడిద పోచలు అట్టకట్టి గోరు చుట్టూ నల్ల అంచులా కనబడుతుంది.

అమెరికాలో ఇంకో ఉచ్చు కొంగ ఈకలు. లేడీ కారొలిన్ లాంటి స్పే ఫ్లైలకీ (పొడుగు హ్యాకిల్ ఉండే సాల్మన్ ఫ్లైలు), వాషింగ్టన్‌లోని ఫోర్క్స్ ఊళ్ళో సిడ్ గ్లాసో కట్టిన ఆరెంజ్ హెరాన్‌కీ అసలు పదార్థం బూడిద కొంగ జాతి హ్యాకిల్. 1918 వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం ఇక్కడ అది ఒడ్డున దొరికినా ఇంట్లో ఉంచుకోకూడదు. బదులుగా బ్లూ ఇయర్డ్ ఫెజెంట్ అన్నిటికన్నా దగ్గర. అది దొరక్కపోతే పొడుగు పోచల ష్లాపెన్‌కి (కోడి తోక దగ్గరి ఈక) బూడిద రంగు వేసి వాడతారు. మల్లార్డ్, టీల్ బాతులు కూడా వలస పక్షులే గానీ, చట్టప్రకారం వేటాడిన బాతుల ఈకలని ఫ్లైలు కట్టడానికి కొనడానికీ అమ్మడానికీ మినహాయింపు ఉంది. స్నేహితులు వేటగాళ్ళయితే అడిగి తెచ్చుకోండి. తెచ్చినవి సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టి, గాలి చొరని సంచిలో వారం పైన ఫ్రీజర్‌లో ఉంచండి, బయటికి తీసి ఒకరోజు గడిచాక మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టండి. చిమ్మట ఒక్కటి పెట్టెలోకి చేరితే మిగతా ఈకలన్నీ పోయినట్టే.

పాత ఫ్లైల తయారీ జాబితాల్లో ‘ఇండియన్ క్రో’ అని కనిపిస్తే మన కాకి కోసం వెతక్కండి. అది దక్షిణ అమెరికా పక్షి. రంగువేసిన ఫెజెంట్ రొమ్ము ఈక సరిపోతుంది. బస్టర్డ్ అంటే మన బట్టమేక పక్షి బంధువులు, దానికి మచ్చల టర్కీ. స్వాన్‌కి రంగువేసిన బాతు లేదా టర్కీ. సీల్ బొచ్చుకి అంగోరా మేక. అసలు పక్షే కావాలన్న పిచ్చి ఎంతదూరం పోతుందో తెలియాలంటే 2009లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్ మ్యూజియం సంగతి చాలు. అక్కడినుంచి 299 పక్షి చర్మాలు పోయింది ఈ ఫ్లైల ఈకల కోసమే. చేపకి తేడా తెలియదు. గాజు పెట్టెలో పెట్టే ఫ్లైకి కూడా ఇప్పుడు ప్రత్యామ్నాయాలు వాడటం తలవంపు కాదు.

జరీ: నిర్మాణం ఓవల్ టిన్సెల్‌దే, నూలు మీద చుట్టిన రేకు. కానీ చీర జరీ చాలా సన్నం, రిబ్‌గా చుడితే ఫ్లాస్‌లో కూరుకుపోతుంది. రేకు వదులుగా ఉంటే దారం బిగించినచోట పక్కకి జరిగి లోపలి నూలు బయటపడుతుంది. 8, 10 నంబర్ల గాలానికి ట్యాగ్‌గా సాధన చేయడానికి పనికొస్తుంది. నదిలో వేసే ఫ్లైకి వద్దు. బాడీకి మాత్రం పురిలేని జపాన్ ఎంబ్రాయిడరీ పట్టు ప్రయత్నించండి. రేయాన్ ఫ్లాస్ కంటే నున్నగా పడుతుంది.

కొత్తగాలం_బోథెల్:

చాలా థాంక్సండి. తెల్ల దారం, చదును గద్దె రెండూ పనిచేశాయి. ట్యాగ్ పసుపు పసుపుగానే ఉంది, రెక్క ఇప్పుడు చీలడం లేదు. కానీ రెండు పాయలూ కలిపి కడితే మొత్తం రెక్క నాకు అవతలి వైపుకి దొర్లిపోతోంది. అవతలి పాయ కిందికి వేలాడుతుంది, ఇవతలిది నడినెత్తిన కూర్చుంటుంది. పైన వేసే క్రెస్ట్ కూడా రెక్కని అంటుకోకుండా గాల్లో లేచి ఉంటోంది.

ఈనె_పోచ:

దొర్లడం దారం పని. దారం పైనుంచి అవతలికి దిగుతూ రెక్కని తనతో లాక్కుపోతుంది. దానికి విరుగుడు రెండు రకాలు. ఒకటి, పాయలని కాడకి సరిగ్గా పైన కాకుండా కాస్త మీ వైపు ఒరిగేలా పట్టుకోవడం. దారం బిగిసేసరికి అవి మధ్యకి వస్తాయి. రెండోది, అవతలి పాయ ముందు కట్టి, ఇవతలిది విడిగా కట్టడం. మల్లార్డ్‌కి నేను రెండోదే చెప్తాను. ఈ పోచలు మెత్తన, జంటగా పట్టుకుంటే వేళ్ళ మధ్యే జారతాయి.

పాయలు ఎలా కోస్తున్నారో చెప్పలేదు. మల్లార్డ్ ఈకకి ఒక పక్కే మంచి గోధుమ రంగు, రెండో పక్క బూడిద. ఎడమ ఈక నుంచి ఒక పాయ, కుడి ఈక నుంచి ఒక పాయ. రెండూ ఈనె మీద ఒకే ఎత్తులోంచి రావాలి. 6వ నంబరుకి వెడల్పు 5 మి.మీ. చాలు. కోసేముందు పోచలని ఈనెకి లంబంగా మెల్లగా లాగి కొసలు సమం చేయండి. కోశాక మళ్ళీ సర్దబోతే అతుకు విడిపోతుంది. మెరిసే పక్క బయటికి, లోపలి పక్కలు ఎదురెదురుగా.

కట్టేటప్పుడు: పాయని బొటనవేలు, చూపుడువేలు మధ్య గద్దె మీద పట్టుకోండి. దారం వేళ్ళ మధ్య నుంచి పైకి తెచ్చి, వదులు వలయంగా అవతలికి వేసి, నేరుగా కిందికి లాగండి. పక్కకి లాగొద్దు. వలయం బిగిసేటప్పుడు పోచలు ఒకదాని మీద ఒకటి నిలువుగా కూర్చోవాలి. వేళ్ళు గట్టిగా నొక్కి ఉంచాలి, బిగిసే దాకా వదలకూడదు. కొత్తవాళ్ళు చుట్టు పడగానే చూడాలని వేళ్ళు తీసేస్తారు, అక్కడే పోతుంది. రెండో చుట్టు మొదటిదానికి ముందు పడాలి, అంటే కన్ను వైపు. మొదటి చుట్టుకి వెనక, బాడీ వైపు ఒక్క చుట్టు పడినా రెక్క నిలువునా లేచి చీలుతుంది. ఇది గద్దె బాగున్నా జరుగుతుంది.

మూడు చుట్లయ్యాక నచ్చకపోతే ఆ పాయని దారం కిందే ఉంచి సర్దకండి. దారం విప్పి, పాయని వెనక్కి ముందుకి రెండుమూడుసార్లు దువ్వి అతుకు కలిపి మళ్ళీ కట్టండి. రెండోసారి కూడా కుదరకపోతే కొత్త పాయ తీసుకోండి.

మీద టీల్ సన్నపాయ, రెండు మూడు పోచల వెడల్పు, పై అంచు వెంట. దీన్ని మల్లార్డ్‌తో కలిపి కట్టే ప్రయత్నం చేయకండి, విడిగా పెట్టండి.

క్రెస్ట్ గాల్లో లేవడానికి కారణం దాని వంపు రెక్క వంపుకి సరిపడకపోవడం. ఈకలు పెట్టెలో ఎలా పడితే అలా ఎండి ఉంటాయి. నీళ్ళలో తడిపి, గుండ్రటి గాజుసీసా మీద కావలసిన వంపులో అంటించి ఆరనివ్వండి. పొద్దున్నకి ఆ వంపు నిలుస్తుంది. ఎక్కువ వంపు కావాలంటే సన్న సీసా, తక్కువైతే లావు సీసా. కట్టేచోట ఈనెని తోకకి చేసినట్టే నొక్కి చదును చేసి, అక్కడే గోటితో చిన్న మడత వేయండి. మడత లేకపోతే ఈనె స్ప్రింగులా పైకి లేస్తుంది. కొస తోక కొసని తాకాలి. ఒకటి రెండు మి.మీ. పొడుగైతే కొస కత్తిరించొద్దు, కట్టేచోటుని ముందుకి జరపండి. కత్తిరించిన క్రెస్ట్ ఎవరికైనా తెలిసిపోతుంది.

స్కైకోమిష్_ఒడ్డు:

తల గురించి ఎవరూ అనలేదు. రెక్క, టీల్, క్రెస్ట్ మొదళ్ళు ఒకేచోట కోయొద్దు, ఒక్కొక్కటి అర మి.మీ. తేడాతో కోస్తే తల కోన్‌లా దిగుతుంది. 6వ నంబరుకి తల పొడవు 2 మి.మీ. దాటితే ఎక్కడో దారం దండగ చేశారు. మొదటి వార్నిష్ బాగా పలచగా, దారంలోకి ఇంకేలా. అది ఆరాక నల్లది, దాని మీద ఒక క్లియర్. తొందరపడి చిక్కటిది ఒకేసారి వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండి, బుడగలు మిగులుతాయి. గోళ్ళ రంగు క్లియర్ కోటు కూడా సరిపోతుంది. కన్నులో వార్నిష్ చేరితే ఆరకముందే పనికిరాని హ్యాకిల్ ఈనె ఒకటి దూర్చి లాగేయండి.

పట్టుపోగు:

బ్లూ చార్మ్ నుంచి నేరుగా జాక్ స్కాట్ లాంటి బాగా కష్టమైన ఫ్లైకి ఎగరకండి. మధ్యలో థండర్ అండ్ లైట్నింగ్ అనే ఫ్లై కట్టండి. రెక్క అదే మల్లార్డ్, కాబట్టి చేతికి పరిచయమే. కొత్తగా చేరేవి మూడు: నల్ల ఆస్ట్రిచ్ హెర్ల్ బట్, బాడీ వెంట నారింజ హ్యాకిల్, జంగిల్ కాక్ చెంపలు (రెక్కకి రెండు పక్కలా పెట్టే ఈకలు). మిగతాది ఓవల్ గోల్డ్, పసుపు ఫ్లాస్ ట్యాగ్, క్రెస్ట్ తోక, నల్ల ఫ్లాస్ బాడీ, ఓవల్ గోల్డ్ రిబ్, గొంతుకి నీలం గినీ కోడి, రెక్క మీద క్రెస్ట్.

హెర్ల్‌కి ఈనె ఒక అంచున ఉంటుంది, నూగు రెండో అంచున. నూగు వెనక్కి, తోక వైపు చూసేలా కట్టి మూడు చుట్లు చుడితే ఈనె కనిపించకుండా వెల్వెట్‌లా వస్తుంది. తిరగేసి కడితే చుట్టుకి చుట్టుకి మధ్య ఈనె గీతలు బయటపడతాయి. బాడీ హ్యాకిల్‌ని కొస వైపు నుంచి, రిబ్ రెండో చుట్టు దగ్గర కట్టి, రిబ్ వెనక అంచుని ఆనుకుంటూ ముందుకి తేవాలి. టిన్సెల్ మీదకి ఎక్కితే చేప పళ్ళకి మొదట తెగేది ఆ ఈనే.

కలిపిన రెక్కలు (వేర్వేరు రంగుల పోచలు అతికించి చేసేవి) ఆ తర్వాత. వాటికి వేరే ఏమీ అక్కర్లేదు, తెల్ల టర్కీ, ఎర్ర, పసుపు టర్కీ ఈకలు తీసుకుని గాలం లేకుండా బల్ల దగ్గర కూర్చుని కలపడం మాత్రం సాధన చేయండి. ప్రతి పోచ అంచునా సన్న కొక్కేలు ఉంటాయి, పక్కపోచ కొక్కేల్లో చిక్కుకుని నిలుస్తాయి. అందుకే ఎడమ ఈక పోచ ఎడమదానితోనే కలుస్తుంది, కుడిది కుడిదానితోనే. కుడి ఎడమలు కలిపితే ఎంత దువ్వినా విడిపోతాయి. రంగుకి మూడేసి పోచలు తీసుకుని, అడుగు పాయ పై అంచుకి కొత్త పాయ కింది అంచు ఆనించి, మొదలు నుంచి కొసకి ఒకే దిశలో దువ్వండి. ఆవిరి పట్టిస్తే నలిగిన పోచలు తేరుకుంటాయి. కెటిల్ మూతి ముందు రెండు సెకన్లు చాలు, ఎక్కువైతే రంగు దిగి తెల్ల పోచకి పట్టేస్తుంది. పాయని ఒక చివర పట్టుకుని ఊపినా విడిపోకుండా ఉంటే అప్పుడు గాలం వైజ్‌లో పెట్టండి.